గుంపు మేస్త్రీ అడ్వాన్సు, గోనె సంచులు, అగ్రరాజ్యాలు

దేవరకొండలో గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది: "ఏ చిన్న దేశంలో ప్రభుత్వం పడిపోయినా మా రూములో ఒకడు అమెరికా పనే అంటాడు. ఇంకొకడు రష్యా, చైనా ఏమన్నా తక్కువ తిన్నాయా అంటాడు. అసలు ఈ జోక్యం ఎట్లా జరుగుతుంది? అంతా చమురు కోసమేనా? ఎవరి మాట నిజమో తేల్చుకునేదెట్లా?"

తమ్ముడూ, పాలమూరు గుంపు మేస్త్రీ పద్ధతి తెలిసినవాళ్లకు దీంట్లో సగం జవాబు ముందే తెలుసు. వానలు ఎగ్గొట్టిన ఏడు మేస్త్రీ ఊరికి వచ్చి ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు. కర్ర పట్టుకుని రాడు, పలకరించుకుంటూ వస్తాడు. బిడ్డ పెళ్లికో పాత బాకీకో ఆ డబ్బు రెండు రోజుల్లో కరిగిపోతుంది. ఇక ఎక్కడికి పనికి పోవాలి, కూలి ఎంత, ఏ పండక్కి ఇంటికి రావచ్చు అన్నవన్నీ మేస్త్రీ చేతిలో ఉంటాయి. కర్ర బయటికి వచ్చేది ఎవరన్నా మధ్యలో పారిపోతేనే.

అగ్రరాజ్యం పని కూడా ఇంతే. సైన్యం దిగిందంటే అంతకంటే చవకైన పద్ధతులన్నీ వాడేశారని లెక్క. టీవీలో కనబడేది ట్యాంకు కాబట్టి మనం ట్యాంకు గురించి వాదించుకుంటాం. చూడాల్సింది అంతకు పదేళ్ల ముందు ఆ దేశం ఏ వస్తువు కోసం ఒకే ఒక్క గుమ్మం ముందు నిలబడిందన్నది: తిండిగింజలా, డాలర్లా, యంత్రాల విడిభాగాలా, సైనికాధికారుల శిక్షణా? ఆ పట్టు ఒక్కటే ఉన్నా పని కాదు. లోపల చేయి కలిపేవాళ్లు కూడా కావాలి. ఈ రెండూ కుదిరిన చోటే ప్రభుత్వాలు పడ్డాయి.

ముందు తిండి సంగతి, అది మన సొంత అనుభవం కాబట్టి. 1954 జులైలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన పబ్లిక్ లా 480ని మన పెద్దవాళ్లు పీఎల్-480 అనేవాళ్లు. అక్కడి గోదాముల్లో పేరుకుపోయిన గోధుమలను వదిలించుకోవడం దాని అసలు అవసరం. 1956 ఆగస్టులో మనం మొదటి ఒప్పందం చేసుకున్నాం. డాలర్లు కట్టే పని లేదు, రూపాయలు కడితే చాలు. 1960 మేలో ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్ నాలుగేళ్లకు కలిపి ఒకేసారి 1 కోటి 70 లక్షల టన్నులకు సంతకం చేశారు. అందులో 1 కోటి 60 లక్షల టన్నులు గోధుమ, మిగతాది బియ్యం. గింజలు ఇంత సులువుగా ఓడ దిగుతుంటే ఇక్కడి రైతుకు మంచి ధర ఇవ్వాలన్న తొందర ఢిల్లీకి ఎందుకుంటుంది? పట్టు బిగిసింది ఈ సుఖమైన ఏళ్లలోనే. అది మెడకు తగిలింది మాత్రం తర్వాత.

1965-66, 1966-67 వరసగా రెండు కరువులు. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఏళ్ల తరబడి నడిచే ఒప్పందాలు ఆపేసి, ఓడ తర్వాత ఓడకు విడివిడిగా తానే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టాడు. గొడ్డును పొట్టి పలుపుతో కట్టేసినట్టు అన్నమాట. 1966లో మనం దిగుమతి చేసుకున్నది కోటి టన్నులకు పైనే. ఓడ దిగితేనే పొయ్యి మీదికి కుండ ఎక్కే స్థితి. జాన్సన్‌కు కావలసినవి రెండు. ఒకటి, మనం వ్యవసాయానికి డబ్బు, ఎరువులు, ధరలు పెంచాలి. దీనిమీద 1965 నవంబరులో రోమ్‌లో మన ఆహార, వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయ మంత్రి ఫ్రీమన్ ఒక అవగాహనకు వచ్చారు. రెండోది, వియత్నాంలో బాంబుల గురించి మనం నోరు తగ్గించాలి. ఆ మొదటి కోరిక మనకు మంచిదే, ఇందులో దాచేదేమీ లేదు. సుబ్రహ్మణ్యం కూడా అదే చేయాలనుకుంటున్నారు. ఒత్తిడి పనిచేసేది ఇట్లాంటి చోటే: లోపల ఒక వర్గం ముందే కోరుకుంటున్నదాన్ని బయటివాడు నెట్టినప్పుడు. రెండో కోరిక నెరవేరలేదు. 1966 జూన్ 6న రూపాయి విలువ డాలరుకు 4.76 నుంచి 7.50కి పడేశారు. దానికి బదులుగా వస్తుందనుకున్న సాయం అనుకున్నంత రాలేదు. ఇందిరాగాంధీకి ఆ అవమానం చాలాకాలం గుర్తుండిపోయింది.

ఇక్కడ అగ్రరాజ్యం చేసిన పొరపాటు ఏమిటంటే పలుపు మరీ పొట్టిగా కట్టడం. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టిరకం గోధుమ విత్తనం తెప్పించారు. 1964-65లో 1 కోటి 20 లక్షల టన్నులున్న గోధుమ 1970-71 నాటికి 2 కోట్ల 30 లక్షలు దాటింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు, ఆ తర్వాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి ఎట్లా పరుచుకుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ వరి వెనక కృష్ణా నీళ్లతోపాటు జాన్సన్ పొట్టి పలుపు కూడా ఉంది. 1970ల మొదట్లో పీఎల్-480 గింజలు ఆగిపోయాయి. పేరుకుపోయిన రూపాయల్లో పెద్ద భాగాన్ని 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల చెక్కు రూపంలో మనకే తిరిగి ఇచ్చేశాడు.

గింజల కథలో నాకు అన్నిటికంటే దారుణంగా అనిపించేది బంగ్లాదేశ్‌ది. మన ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల్లో గోనె సంచుల కోసం రైతులు ఎదురుచూడటం తెలుసు కదా, అక్కడ ఆ గోనె సంచులే ప్రాణం మీదికి తెచ్చాయి. 1974లో బంగ్లాదేశ్ క్యూబాకు 40 లక్షల జనపనార సంచులు అమ్మింది. క్యూబాతో వ్యాపారం చేసే దేశానికి పీఎల్-480 గింజలు ఇవ్వకూడదని అమెరికా చట్టంలో ఒక నిబంధన ఉంది. ఆ మాట ఢాకాకు చెప్పింది వరదలు, ధరలు, ఖాళీ ఖజానా అన్నీ ఒకేసారి మీదపడుతున్న నెలల్లో. ఢాకా ఎగుమతి ఆపేసింది. కాగితాలు సరిచేసి గింజలు కదిలేసరికి కరువు తన పని తాను చేసేసింది. ఒక్క ఓడల ఆలస్యం వల్లే అంతమంది చనిపోయారనడం తప్పు. కూలి దొరకకపోవడం, వ్యాపారులు సరుకు దాచడం, ప్రభుత్వ అసమర్థత అన్నీ ఉన్నాయి. కానీ ఒక నిబంధన కాగితం ఎంత దూరం పోగలదో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఒక్క తుపాకీ పేలలేదు.

మధ్యలో ఒక మాట. మన పొలం గట్ల మీద వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, పీఎల్-480 గోధుమలతోనే వచ్చిందని ప్రతివాళ్లూ చెబుతారు. దాన్ని పూణే దగ్గర గుర్తించింది 1955-56 ప్రాంతంలో. మన మొదటి ఒప్పందమే 1956 ఆగస్టు. గోధుమలతో ఇంకా కొంత గింజ వచ్చి ఉండొచ్చు, ఆ తర్వాత అది వేగంగా పాకి ఉండొచ్చు. మొత్తం నింద దానిమీద వేయడానికి మాత్రం తేదీలు ఒప్పుకోవు. రూములో వాదన వచ్చినప్పుడు ముందు రెండు తేదీలు పక్కపక్కన రాసి చూడు. సగం కుట్ర సిద్ధాంతాలు అక్కడే రాలిపోతాయి.

ఇక డాలర్లు. దీని బలం చూడాలంటే చిన్న దేశం అక్కర్లేదు, 1956 బ్రిటన్‌ను చూడు. ఆ ఏడు జులై 19న అమెరికా ఈజిప్టులోని అస్వాన్ ఆనకట్టకు ఇస్తానన్న అప్పు వెనక్కి తీసుకుంది. సరిగ్గా వారానికి, 26న, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబరు చివర ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీద పడ్డాయి. ఐసెన్‌హోవర్ వాళ్ల మీదికి సైన్యాన్ని పంపలేదు. పౌండు పడిపోతుంటే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పు దొరకకుండా ఆపాడు. నవంబరు 6న కాల్పులు ఆగాయి, క్రిస్మస్ లోపు బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు వెళ్లిపోయాయి. అస్వాన్ కట్టే పని సోవియట్‌కు పోయింది. ఒక గుమ్మం మూస్తే ఇంకో గుమ్మం తెరుచుకుంటుందని అగ్రరాజ్యాలు పదేపదే మరిచిపోతాయి. అవే ఏళ్లలో, 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన మన సాగర్‌ను రాతికట్టుడుతో, వేలాది కూలీల చేతులతో లేపారు. దిగుమతి యంత్రాలకు డాలర్లు పోయే దారి అది కాదు. నందికొండ దగ్గర రాళ్లు మోసిన పాలమూరు వడ్డెర్లకు ఈ విదేశాంగ విధానం గురించి ఎవరూ చెప్పి ఉండరనుకో.

విడిభాగాల సంగతి చాలామంది పట్టించుకోరు, నన్నడిగితే అన్నిటికంటే పదునైన పట్టు అదే. చిలీ చూడు. 1970 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికలో సోషలిస్టు నాయకుడు అయెందే 36 శాతం ఓట్లతో గెలిచాడు. సెప్టెంబరు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అతన్ని గద్దె ఎక్కనివ్వొద్దని తమ గూఢచారి సంస్థ సీఐఏకు ఆదేశించాడు. రాజ్యాంగానికి కట్టుబడిన సైన్యాధిపతి ష్నైడర్‌ను ఎత్తుకుపోబోయి అక్టోబరు 22న కాల్చారు, మూడు రోజులకు ఆయన చనిపోయాడు. జనం ఎదురు తిరిగి అయెందే వైపే మొగ్గారు, ఆ దారి మూసుకుపోయింది. తర్వాత మొదలైంది నెమ్మది పని. అప్పులు ఆగాయి, సరుకు మీద ఇచ్చే స్వల్పకాలిక అరువు ఆగింది. చిలీలో బస్సులు, లారీలు, రాగి గనుల ట్రక్కులు అమెరికా తయారీ. 1972 చివరికి టైర్లు, విడిభాగాలు లేక సర్కారీ బస్సుల్లో మూడోవంతు షెడ్డుల్లో నిలబడ్డాయి. 1972 అక్టోబరులో లారీ యజమానుల సమ్మె వచ్చింది. ఉత్తరం నుంచి దక్షిణానికి 4,000 కిలోమీటర్లకు పైగా సన్నగా పొడుగ్గా సాగిన దేశంలో లారీ ఆగితే అన్నీ ఆగుతాయి. ఇదే కాలంలో ఒక్కటి ఆగలేదు: సైన్యానికి సాయం, అధికారుల శిక్షణ. ఏ దేశంలోనైనా పౌర సాయం తగ్గి సైనిక సాయం కొనసాగుతుంటే ఆ రెండు అంకెల మధ్య దూరం చూడు. అగ్రరాజ్యం ఎవరితో స్నేహం మిగుల్చుకుంటున్నదో అక్కడ తెలుస్తుంది.

ఇందులో రెండో వైపు కూడా రాయి, లేకపోతే పరీక్షలో మార్కులు పోతాయి, నిజమూ పోతుంది. అయెందే ప్రభుత్వం జీతాలు విపరీతంగా పెంచి నోట్లు అచ్చేసింది, ధరలు మండిపోయాయి, పార్లమెంటు ఎదురు తిరిగింది. 1973 సెప్టెంబరు 11 తిరుగుబాటును చేసింది చిలీ సైన్యం. 1975లో అమెరికా సెనేట్ వేసిన చర్చ్ కమిటీ మూడేళ్లలో 80 లక్షల డాలర్ల దాకా రహస్య ఖర్చును బయటపెట్టింది. 1973 తిరుగుబాటులో నేరుగా చేయి ఉందనడానికి సాక్ష్యం దొరకలేదనీ రాసింది.

ఇరాన్ 1953 మాత్రం మెట్టుమెట్టుగా చదవాల్సిన పాఠం. 1951లో ప్రధాని మొసాదెక్ బ్రిటిష్ చమురు కంపెనీని జాతీయం చేశాడు. మొదట కొనేవాళ్లు లేకుండా చేశారు. అబాదాన్ అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద శుద్ధి కర్మాగారం, బ్రిటిష్ ఇంజనీర్లు వెళ్లిపోయారు. 1952లో ఇరాన్ చమురు ఎత్తుకెళ్తున్న రోజ్ మేరీ అనే ఓడను ఏడెన్‌లో ఆపి కేసు వేశారు, మిగతా ఓడలవాళ్లు భయపడ్డారు. ఖజానా ఎండింది. ఖజానా ఎండితే కూటమి చీలుతుంది. మతపెద్ద కాషానీ, బజారు వర్తకుల్లో కొందరు మొసాదెక్‌కు దూరమయ్యారు. తర్వాత పత్రికలకు డబ్బు, వీధి గుంపులకు డబ్బు. చివరికి చట్టం ముసుగు: మొసాదెక్‌ను తీసేస్తున్నట్టు ఇరాన్ రాజు షా చేత ఫర్మానా రాయించారు. ఆగస్టు 15 రాత్రి ఆ కాగితం పట్టుకెళ్లిన కర్నల్ నసీరీని అరెస్టు చేశారు. షా బాగ్దాద్‌కు, అక్కణ్నుంచి రోమ్‌కు పారిపోయాడు. పథకం నిజానికి విఫలమైంది. టెహ్రాన్‌లో ఉన్న సీఐఏ మనిషి కెర్మిట్ రూజ్‌వెల్ట్ వెళ్లిపోకుండా అక్కడే ఉన్నాడు. 19న గుంపులూ ట్యాంకులూ కలిశాయి, మొసాదెక్ పడిపోయాడు.

ఈ నాలుగు రోజుల తేడా ముఖ్యం. కుట్ర అంటే గడియారంలా నడిచే యంత్రమని మనవాళ్లు ఊహించుకుంటారు. లోపలి దస్త్రాలు చూస్తే సగం చోట్ల గందరగోళం, అదృష్టం, స్థానిక అధికారుల సొంత లెక్కలు. 1954లో చమురు పంచుకున్న తీరు కూడా చూడు: బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికా కంపెనీలకు 40, షెల్‌కు 14, ఫ్రెంచి కంపెనీకి 6. పాత యజమాని సొత్తు మొత్తం వెనక్కి రాలేదు, సాయానికి వచ్చినవాడు అతనితో సమానంగా పంచుకుపోయాడు. ఈ బాకీ 1979 నవంబరులో తిరిగొచ్చింది, అమెరికా దౌత్యసిబ్బంది 444 రోజులు బందీలుగా ఉన్నారు.

"అంతా చమురు కోసమేనా" అన్నావు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా తీసుకో, అప్పట్లో అక్కడ గొడవ చమురుది కాదు, అరటితోటలు ఉన్నాయి. 1952లో అర్బెంజ్ ప్రభుత్వం సాగులో లేని భూములను తీసుకుని పేదలకు పంచే చట్టం తెచ్చింది. పరిహారం ఎంతంటే, పన్ను కోసం యజమాని తానే చూపించిన విలువ. అమెరికా అరటి కంపెనీ యునైటెడ్ ఫ్రూట్ తక్కువ చూపించి ఉంది కాబట్టి దాదాపు 6 లక్షల 27 వేల డాలర్లు వచ్చాయి. అమెరికా ప్రభుత్వం కంపెనీ తరఫున అడిగింది 1 కోటి 58 లక్షలు. స్టాంపు ఖర్చు తగ్గుతుందని తక్కువకు రిజిస్ట్రేషన్ చేయించుకుని, కాలువ కింద భూమి పోయేటప్పుడు ఆ విలువే చూపిస్తే గుండె బాదుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు కదా, అదే గొడవ. 1954 జూన్‌లో సరిహద్దు దాటిన తిరుగుబాటుదార్లు 500 మంది లోపే. అసలు యుద్ధం రేడియోలో జరిగింది, వేలమంది వస్తున్నారన్న ప్రచారంతో. సైన్యాధికారులు పోరాడటానికి ఒప్పుకోలేదు, జూన్ 27న అర్బెంజ్ దిగిపోయాడు. అయితే వారం తిరగకుండానే అమెరికా న్యాయశాఖ అదే అరటి కంపెనీ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. కంపెనీ కోసమే అయితే ఆ కేసెందుకు? సొత్తు ఒక కారణం. తన పెరట్లో కమ్యూనిస్టులు కుదురుకుంటారన్న భయం ఇంకో కారణం. ఒకచోట తల వంచితే అన్నిచోట్లా వంచాల్సి వస్తుందన్న దొరతనపు లెక్క మూడోది. ఒక్క కారణం చెప్పేవాడిని నమ్మకు. గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచింది, దాదాపు 2 లక్షల మంది చనిపోయారు లేదా మాయమయ్యారు.

మీ రూములో రెండో అబ్బాయి అన్నదీ తప్పు కాదు. సూయజ్ గొడవ నడుస్తున్న వారంలోనే, 1956 నవంబరు 4న, సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి వచ్చాయి. అఫ్గానిస్తాన్ పాలకుడు అమీన్ తనను కాపాడమని సోవియట్ సైన్యాన్ని తానే పదేపదే పిలిచాడు. వచ్చినవాళ్లే 1979 డిసెంబరు 27న అతని భవనంలో అతన్ని చంపారు. పిలిచి తెచ్చుకున్న కాపలాదారు ఎవరి జీతగాడో ముందే చూసుకోవాలి. పదేళ్ల యుద్ధంలో 14,000 మందికి పైగా సోవియట్ సైనికులు చనిపోయారు, అఫ్గాన్లు లక్షల్లో. 1989 ఫిబ్రవరి 15కు సైన్యం వెళ్లిపోతే, అది నిలబెట్టిన అధ్యక్షుడు నజీబుల్లా నెలల్లో పడిపోతాడనుకున్నారు. మూడేళ్లు నిలబడ్డాడు. మాస్కో నుంచి డబ్బు, ఇంధనం, ఆయుధాలు 1991 చివరికి ఆగిపోయాక 1992 ఏప్రిల్‌లో పడిపోయాడు. 2021లో మళ్లీ అదే జరిగింది, ఈసారి అమెరికా తయారీ సైన్యంతో. విమానాలు, హెలికాప్టర్లు బాగుచేసే విదేశీ కాంట్రాక్టర్లను తీసుకెళ్లిపోయాక వైమానిక దళం కుంటుపడింది. సోమాలియాదీ ఇదే పాఠం: 1977 నవంబరులో సోవియట్ సలహాదారులను వెళ్లగొట్టింది, కానీ ఇథియోపియాతో పోరులో దాని చేతిలో ఉన్నవి సోవియట్ ట్యాంకులే. 1978 మార్చికి వెనక్కి రావాల్సి వచ్చింది.

మన నల్లగొండ కథలోనూ మాస్కో ఒక పేజీ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగా కమ్యూనిస్టు నాయకులు అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్లి 1951 ఫిబ్రవరిలో స్టాలిన్‌ను కలిశారు. చైనా దారి ఇక్కడ కుదరదని స్టాలిన్ చెప్పిన కారణాల్లో ఒకటి పూర్తిగా భూగోళానిది: చైనా కమ్యూనిస్టులకు వెనక సోవియట్ సరిహద్దు ఉంది, మీకు ఆనుకునే గోడ ఏది? ఆ ఏడు అక్టోబరులో పోరాటం విరమించారు. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. జోక్యం జరగనిచోట ఎందుకు జరగలేదో చదవడం కూడా పాఠమే. దారి, సరిహద్దు, రేవు లేకపోతే అగ్రరాజ్యం సానుభూతి దగ్గరే ఆగిపోతుంది. 1948లో నిజాం భద్రతా మండలికి ఫిర్యాదు పంపాడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు దించాడు. నాలుగు వైపులా భారత భూమి ఉన్న సంస్థానానికి అవేవీ అక్కరకు రాలేదు.

మనల్ని మనం వదిలేస్తే ఎట్లా? శ్రీలంకకు 1987లో శాంతిసేనను పంపాం. రెండు వైపులా తిట్లు తిని, వెయ్యికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990లో వచ్చేశాం. 2015లో నేపాల్ సరిహద్దులో ఇంధన ట్యాంకర్లు నెలల తరబడి ఆగాయి. అది దక్షిణ నేపాల్ మధేశీల ఆందోళన వల్ల అని ఢిల్లీ, దిగ్బంధం అని కాఠ్మండూ అన్నాయి. 2016 మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. జాన్సన్ పొట్టి పలుపు మనతో చేయించింది ఏమిటో గుర్తుంటే ఇది ఆశ్చర్యం కాదు.

చైనా అప్పుల గురించి ఒక జాగ్రత్త. శ్రీలంకలోని హంబన్‌టోట రేవును అప్పు కట్టలేక చైనాకు అప్పగించారని అందరూ రాస్తారు. 2017లో 99 ఏళ్ల లీజు నిజం, వచ్చిన 112 కోట్ల డాలర్లూ నిజం. ఆ డబ్బుతో రేవు అప్పు మాఫీ కాలేదు, అది విదేశీ మారక నిల్వల్లోకి పోయింది, రేవు అప్పు అట్లాగే ఉంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చేతులెత్తేసినప్పుడు అందరికంటే పెద్ద బరువు మార్కెట్లో అమ్మిన డాలరు బాండ్లది. ఈ కథలో చైనా తప్పు లేదని కాదు. ఆదాయం రాని రేవుకు అప్పు ఇచ్చినవాడూ, తన సొంత జిల్లాకు రేవు కావాలన్న నాయకుడూ ఇద్దరూ ఉన్నారు.

ప్రభుత్వాన్ని పడగొట్టాక వచ్చే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకటే: గద్దె ఎక్కించినవాడిని నిలబెట్టే వ్యవస్థను కూడా కూల్చేయడం. ఇరాక్‌లో 2003 మే 16న సద్దాం బాత్ పార్టీవాళ్లను ఉద్యోగాల్లోంచి తీసేస్తూ మొదటి ఉత్తర్వు, 23న సైన్యాన్ని రద్దు చేస్తూ రెండోది. తుపాకీ పట్టడం తప్ప వేరే పని తెలియని లక్షల మంది ఒక్క వారంలో జీతం లేకుండా వీధిలో పడ్డారు. లిబియాలో 2011 మార్చి 17న భద్రతా మండలి 1973వ తీర్మానం పౌరుల రక్షణ కోసమని చెప్పింది. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నాయి. ఆ తీర్మానం లిబియా పాలకుడు గద్దాఫీని దించే పనిగా మారింది, ఆయుధాలు ఎడారి దాటి మాలీకి చేరాయి.

ఇక తేల్చుకునేదెట్లా? నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసుకో: కోరుకున్నారు, డబ్బిచ్చారు, ప్రయత్నించారు, కారణమయ్యారు. ఏ సంఘటననైనా ఇందులో ఏ గడిలో వేయడానికి నీ దగ్గర సాక్ష్యం ఉందో చూడు. చిలీ 1970 మూడో గడిలో కచ్చితంగా పడుతుంది. 1973 రెండో గడి వరకు గట్టిగా, నాలుగోది వాదన. ఇరాన్ నాలుగూ దాటుతుంది. తర్వాత, సాక్ష్యం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడు. అమెరికా విదేశాంగ శాఖ తన పాత దస్త్రాలను సంపుటాలుగా అచ్చేస్తుంది. అట్లాగని అది నిజాయితీపరుల పని అనుకోకు: ఇరాన్ మీద 1989లో వేసిన సంపుటంలో తిరుగుబాటు ఊసే లేదు, చరిత్రకారులు గోల చేశాక దాన్ని సరిదిద్దే సంపుటం 2017లో వచ్చింది. సీఐఏ తన పాత్రను ఒప్పుకునే కాగితం 2013లో బయటపడింది, అంటే 60 ఏళ్లకు. సోవియట్ దస్త్రాలు 1991 తర్వాత కొన్ని తెరిచారు, మళ్లీ చాలా మూశారు. చైనావి దాదాపు మూసే ఉంటాయి. అందుకని అమెరికా పాపాలకు కాగితాలు కుప్పలుగా దొరుకుతాయి, మిగతావాళ్లవి దొరకవు. కాగితం లేదు కాబట్టి తప్పు లేదనే లెక్క ఇక్కడ పనికిరాదు. నిన్న పడిపోయిన ప్రభుత్వం గురించి ఈ రోజే కచ్చితంగా చెప్పేవాడి దగ్గర, ఏ పక్షంవాడైనా సరే, ఉన్నది ఊహ.

కాగితాలు రాకముందు కూడా చూడగలిగినవి ఉన్నాయి. ఆ దేశం ఎగుమతుల్లో ఒక్క సరుకు వాటా ఎంత, అది కొనేవాళ్లు ఎందరు. విదేశీ మారకం ఎన్ని వారాల దిగుమతులకు సరిపోతుంది. 1991లో మనది రెండు మూడు వారాలకు వచ్చినప్పుడు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టాం. సైన్యం వాడే ఆయుధాల విడిభాగాలు ఎక్కణ్నుంచి. ఐరాసలో ఆ దేశం ఓట్లు ఏ ఏడు దిశ మారాయి. కొత్త ప్రభుత్వం వచ్చిన మొదటి ఏడాదిలో ఏ గని, ఏ రేవు, ఏ చమురు బావి ఎవరికి పోయింది.

ఈ పట్టు నుంచి తప్పించుకున్నవాళ్లు ఎక్కువగా చేసింది రెండు గుమ్మాలు తెరిచి పెట్టుకోవడమే. భిలాయ్ ఉక్కు సోవియట్‌తో, రూర్కెలా పశ్చిమ జర్మనీతో, దుర్గాపూర్ బ్రిటన్‌తో కట్టించుకున్నాం. బొకారోకు అమెరికా కాదంటే సోవియట్ వచ్చింది. హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ కూడా సోవియట్ సాయంతోనే వచ్చింది. అక్కడ పని నేర్చిన కెమిస్టులతోనే తర్వాత ఈ ప్రాంతపు మందుల పరిశ్రమ పెరిగి, చౌటుప్పల్, చిట్యాల దాకా ముడిమందుల ఫ్యాక్టరీలు పాకాయి. వాటి వాసన, నీళ్ల కాలుష్యం వేరే కథ. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు మన దేశం దిగుమతి చేసుకునే ముడిమందుల్లో మూడింట రెండు వంతులు చైనా నుంచే. ఒక గుమ్మం నుంచి బయటపడి ఇంకో గుమ్మం ముందు నిలబడ్డాం.

నీకు అభ్యాసానికి ఒక పని చెబుతాను, లాటిన్ అమెరికా దాకా పోనక్కర్లేదు. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడే రోజు, ఎరువు బస్తాల మీద అచ్చువేసిన అక్షరాలు చదువు. తయారైన దేశం, దిగుమతి చేసిన కంపెనీ, రేవు పేరు రాసుకో. పొటాష్ మొత్తం బయటిదే. రష్యా, బెలారస్, కెనడా ముఖ్యమైనవి. డీఏపీ ఎక్కువగా సౌదీ, మొరాకో, చైనా. చైనా 2021 చివర నుంచి ఎగుమతులకు పగ్గం వేసింది. యూరియా ఇక్కడ చేసినా దానికి కావలసిన గ్యాసులో పెద్ద భాగం ఓడల్లో వచ్చేదే. ఈ మూడింటికీ ఎన్ని గుమ్మాలు తెరిచి ఉన్నాయో, ఒక్కొక్కటి మూసుకుంటే మిర్యాలగూడ ఆయకట్టులో నాట్లు పడ్డాక ఎన్ని రోజులకు తెలుస్తుందో రాసి చూపించు. అది రాయగలిగితే చిలీ మీద ప్రశ్న వచ్చినా రాయగలవు.